ఒడ్డు గడువు

మంగళవారం ఉదయం ఆరున్నరకి పెదరేవు ఒడ్డు గడువు ముగిసింది. వేట నుంచి తిరిగొస్తున్న మరబోట్లు రేవు ముఖం దగ్గర ఆగిపోయాయి.

అవి లంగరు వేయవు. ఇంజన్లు ఆపవు. జెట్టీ మీద నుంచి కేకేస్తే వినపడేంత దూరంలో వరసగా నిలబడి ఉన్నాయి. పదకొండు బోట్లు. వాటి మీది మనుషులంతా ఒడ్డు వైపే చూస్తున్నారు.

నూకరత్నం టీ ఫ్లాస్కు పట్టుకుని జెట్టీ చివర నిలబడి ఉంది. ఆమె మొగుడు మసేను నాలుగో బోటు అణియం మీద, ముక్కు కొసన, నిలబడి ఆమెనే చూస్తున్నాడు.

"రావేం మావా?" అని కేకేస్తుంది.

"ఎక్కడికి?"

"ఒడ్డుకి."

"ఏ ఒడ్డు?"

"మన ఒడ్డే. పెదరేవు."

"ఎవరన్నారు?"

రత్నం ఫ్లాస్కు కింద పెడుతుంది. "నేనంటన్నాను గదా!"

"నువ్వెవరివి?"

"నీ పెళ్ళాన్ని."

"ఆ మాట నువ్వే అంటన్నావు," అంటాడు మసేను. అతని గొంతులో వెటకారం లేదు. "ఇంకెవరన్నా అన్నారా?"

అతను అడిగింది తప్పు కాదని ఆమెకి తెలుసు.

ఆరేళ్ళ కిందట మంచు పట్టిన ఒక పొద్దుట, ఎక్కడిదో వేరే ఒడ్డు పెదరేవు దీపాలు పెట్టుకుని, పెదరేవు ఐసు ఫ్యాక్టరీ సైరను మోగించి, ఒక బోటుని పేరు పెట్టి పిలిచింది. బోటు ఆ ఒడ్డుకి వెళ్ళింది. అందులో మసేను అన్న గంగరాజు ఉన్నాడు. మంచు విడిచాక ఆ ఒడ్డు లేదు, బోటూ లేదు.

తర్వాత మరబోట్ల సహకార సంఘం ప్రతి బోటుకీ ఒక పెట్టె బిగించింది. రేవులోకి వచ్చే ముందు పెట్టె ఒడ్డుని నువ్వెవరని అడుగుతుంది. సంఘం వెబ్‌సైట్ ఒడ్డు తరఫున జవాబు చెబుతుంది: నేను పెదరేవుని, ఇదిగో నా సర్టిఫికెట్, ఇదిగో నాకు హామీ ఉన్నవాడి సంతకం, ఇదిగో దీని గడువు. అన్నీ సరిపోతే పెట్టె మీద పచ్చ దీపం వెలుగుతుంది. ఇదంతా రెప్పపాటులో అయిపోతుంది. అందుకే ఇలాంటిదొకటి జరుగుతోందని పెదరేవులో చాలామందికి తెలియదు.

ఇవాళ పెట్టెలన్నిటి మీదా ఎర్ర దీపం ఉంది.

రేవు స్తంభం మీద మూడో నంబరు జెండా ఎగురుతోంది. సాయంత్రానికి తుఫాను గాలి ఇక్కడికి చేరుతుందని రేడియో చెప్పింది. బోట్లు అప్పటికి లోపలికి రాకపోతే మునుగుతాయి. వేరే రేవుకి వెళ్ళడానికి వాటిలో డీజిలు లేదు.

"కదలకు," అని అరుస్తుంది రత్నం. "ఎవరు పిలిచినా వెళ్ళకు. నేనొస్తాను."

"సర్టిఫికెట్ తీసుకునిరా," అంటాడు మసేను.

*

సర్టిఫికెట్ గడువు ముగియకముందే కొత్తది తేవడం రత్నం ఉద్యోగం. ఆమె సంఘం ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటరు. నెల ముందే ఆమె కార్యదర్శి తాతబ్బాయి గారికి చెప్పింది. ఆయన గోడ మీది క్యాలెండర్ చూశారు.

"శుక్ర మూఢం నడుస్తందమ్మా. అది వెళ్ళాక చూద్దాం."

"ఈలోగా గడువైపోతందండి."

"మూఢంలో కొత్త బోటు దింపుతామా? కొత్త వల తడుపుతామా? ఇదీ అంతే. కొత్తదేదైనా కొత్తదే."

కొత్త సర్టిఫికెట్ కోసం, దాని మీద సంతకం పెట్టే హామీదారు పంపే రహస్య అంకె కార్యదర్శి ఫోన్‌కే వస్తుంది. మనసు లాగి ఎక్కడ తీసేస్తానో అని తాతబ్బాయి గారు ఆ ఫోన్‌ని పసుపు గుడ్డలో మూటగట్టి, సామాన్ల గదిలో గంగాలమ్మ పటం ముందు పెట్టారు. రత్నం మరో రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ ఆయన క్యాలెండర్ వైపు వేలు చూపించారు. మూడోసారి మాత్రం, "నీకు ఓపిక తక్కువమ్మా, ఆడపిల్లకి అంత తొందర పనికిరాదు," అని కూడా అన్నారు.

రత్నం జెట్టీ దిగి ఇసకలో నడుస్తుంది. వెనక్కి చూసుకుంటే ఆమె అడుగులు లేవు. చేపల బుట్టలతో వచ్చిన ఆడవాళ్ళ అడుగులూ లేవు. గడువు ముగిసిన ఇసక ఎవరు నడిచారో తాను చెప్పనంటోంది. వంతెన మీద చేపల లారీలు బారులు తీరి ఉన్నాయి. పెదరేవుకి దారెటని డ్రైవర్లు పెదరేవు మనుషుల్నే అడుగుతున్నారు.

ఆఫీసు తాళంచెవి ఇంట్లో ఉంది. రత్నం తలుపు కొడుతుంది.

"ఎవరూ?" లోపల నుంచి అత్త అప్పయ్యమ్మ గొంతు.

"నేను అత్తా. రత్నాన్ని."

"ఎవరన్నారు?"

"నీ కొడుకునడుగు."

"వాడేడీ?"

"బోటు మీదున్నాడు. ఒడ్డు మనదని రుజువైతేనే దిగుతాడంట."

"అయితే వాడు దిగి, ఇది నా పెళ్ళామే అని చెప్పాక తలుపు తీస్తాను."

"నేను తాళంచెవి తీసుకెళ్తేగానీ వాడు దిగలేడు!"

కిటికీ రెక్క తెరుచుకుంటుంది. తాళంచెవి వచ్చి రత్నం కాళ్ళ దగ్గర పడుతుంది.

"తాళంచెవికి హామీ అక్కర్లేదు," అంటుంది అప్పయ్యమ్మ. "తాళం తీస్తే అది అదే. తియ్యకపోతే కాదు. మనుషులతోటే నాకు భయం. ఒక కొడుకుని అలాగే పోగొట్టుకున్నాను."

కిటికీ మూసుకుంటుంది.

*

రత్నం కోపం ఆమె కంటే ముందే ఆఫీసుకి చేరుకుంది.

ఆమె తాళం తీసి వెళ్ళేసరికి అది తాతబ్బాయి గారి బల్లకి ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉంది. దాని ఎత్తు రత్నం ఎత్తే. అది రత్నం చీరే కట్టుకుని ఉంది. తాళం వేసిన ఆఫీసులోకి తాతబ్బాయి గారు ఎలా వచ్చారని రత్నం అడగదు. ఆయన రాత్రుళ్ళు కూడా కార్యదర్శే.

ఆయన కోపానికి టీ పోశారు. టీ గ్లాసులో మరుగుతోంది.

"రామ్మా రత్నం," అంటారాయన. "ఈవిడెవరో పొద్దున్నుంచీ కూచుంది. మాటాడదు."

"అది నా కోపమేనండి. దాన్ని నేనే మాటాడనివ్వట్లేదండి."

"మంచిపని చేసేవు."

"బోట్లు ఆగిపోయేయండి. మూటిప్పి ఆ అంకె ఇప్పించండి."

"మూఢం అమ్మా."

"తుఫానొస్తందండీ!"

"తుఫాన్లకి మూఢం ఉండదు. అవి ఎప్పుడన్నా రావొచ్చు. మనకుంటాది." ఆయన సామాన్ల గది తలుపుకి వీపు ఆనించి, కాళ్ళు తన్నిపెట్టి నేల మీద కూర్చుని ఉన్నారు. తలుపు లోపలి నుంచి ఉబ్బుతోంది. "అయినా తొందరేం? మనోళ్ళు ఎక్కడికీ పోలేదు. కళ్ళ ముందే ఉన్నారు."

"కళ్ళ ముందే మునుగుతారండి."

"అపశకునం మాటాడకమ్మా."

కుర్చీలోంచి కోపం లేస్తుంది. రత్నం దాని చెయ్యి పట్టుకుని ఆపుతుంది. ఇంకా టైము ఉందని దానితో అంటుంది.

ఆఫీసు వెనక మెట్లున్నాయి. హామీదారుతో పని పడినప్పుడు మాత్రమే అవి ఉంటాయి. ఆయన పై నుంచి మూడో మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. చొక్కా జేబులో ఒక కలం, ఒక వలదారం ముక్క ఉన్నాయి.

"ఒడ్డుకి కొత్త గడువు కావాలండి," అంటుంది రత్నం.

"ఒడ్డు మీదేనా?"

"మాదే."

"ఎలా తెలుస్తుంది?"

"అందరూ అదే అడుగుతున్నారండి."

"అడగాలి," అంటాడు హామీదారు. "అడగడం మానేసిన రోజు మీ ఊరి బోటు ఒకటి పోయింది."

రత్నం పళ్ళు కొరుకుతుంది. "మరి మీరు మీరేనని ఎవరన్నారండి?"

"మా పై ఆయన."

"ఆయన ఆయనేనని?"

"ఆయన తనకి తానే చెప్పుకున్నాడు. అక్కడ ఆపాలి. ఆపకపోతే ఎవరూ ఎక్కడా దిగలేరు."

ఆయన జేబులోంచి వలదారం తీస్తాడు. దానికి ఒక ముడి ఉంది. వలలు అల్లే ఇంట్లో పుట్టిన రత్నం అలాంటి ముడి ఎప్పుడూ చూడలేదు.

"ఇది దీపస్తంభం కింది మెట్టు మీద పెట్టండి. నేను వెళ్ళి చూస్తాను. అక్కడ ఉంటే ఒడ్డు మీ చేతిలో ఉన్నట్టు."

"దొంగెవడన్నా వచ్చి పెడితేనో?"

"దొంగ చేతిలో ఉన్నట్టు. రెండోది, మీ కార్యదర్శి ఫోన్‌కి ఇప్పుడే ఒక అంకె పంపాను. అది నాకు చెప్పాలి. అది కాసేపే బతుకుతుంది."

"ఆయన ఫోన్ తియ్యడండి."

"పంపడం నా పని. చదవడం మీ పని."

"గడువైపోతందని కూడా పంపేరా?"

"నెల నుంచి రోజూ హెచ్చరికతో పాటు ఒక అంకె పంపాను," అంటాడు హామీదారు. "ఎవరూ పలకలేదు. పలకకపోతే మళ్ళీ పంపడమే నాకు తెలుసు."

*

మూట ఇప్పుడు సామాన్ల గది నిండా ఉంది. నెల రోజుల హెచ్చరికలు ఒకదాని మీద ఒకటి పడి దాన్ని ఉబ్బించాయి. తలుపు సందుల్లోంచి పసుపు గుడ్డ బయటికి తోసుకొస్తోంది. గంగాలమ్మ పటం పైకప్పుకి ఆనుకుపోయిందని తాతబ్బాయి గారు అంటున్నారు. ఆయన వీపుతో తలుపుని వెనక్కి నెడుతున్నారు.

వాకిలి నిండా ఆడవాళ్ళు ఉన్నారు. వాళ్ళ ముందు ఓలేటి గరగమ్మ నిలబడి ఉంది. చేపలు అమ్ముతుంది. ఇద్దరు కొడుకులు రెండు బోట్ల మీద ఉన్నారు. ఇద్దరూ తనని "ఎవరమ్మా నువ్వు?" అని అడిగారని రత్నంతో చెబుతుంది. చెప్పి, తాతబ్బాయి గారి ముందు గొంతుక్కూర్చుంటుంది.

"ఏవండీ కార్యదర్శిగారూ, మూఢంలో వల చిరిగిందనుకోండి. ఏం చేస్తారండి?"

"కుట్టుకుంటాం."

"మూఢం వెళ్ళేదాకా చేపల్నాగమనరా?"

"చిరిగిన వలకి కుట్టెయ్యడం కొత్తపని కాదు గరగమ్మా. పాత వలే గదా."

"ఒడ్డు కొత్తదాండీ?"

తాతబ్బాయి గారు క్యాలెండర్ వైపు చూస్తారు.

"మా తాత పుట్టకముందు నుంచీ ఉందండి ఈ ఒడ్డు," అంటుంది గరగమ్మ. "దానికి గడువు చిరిగింది. కుట్టెయ్యమంటన్నాం. కొత్త ఒడ్డు తెమ్మంటన్నామా?"

"అలాగ ఆలోచించలేదు," అంటారు తాతబ్బాయి గారు.

"ఆలోచించకపోతే లెగండి మరి!"

ఆయన లేస్తారు. లేవగానే తలుపు ఊడిపోతుంది.

మూట చినిగి అంకెలు బయటికి పోస్తున్నాయి. అవి నెత్తళ్ళనే చిట్టి చేపల మాదిరి నేల మీద జారుతూ ఆడవాళ్ళ మోకాళ్ళ దాకా వస్తున్నాయి. చాలావరకు చచ్చినవే. గడువు దాటినవి కంపు కొడుతున్నాయి.

ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పరు. ఆడవాళ్ళు కొంగులు దోపుకుని గుట్ట చుట్టూ కూర్చుంటారు. రోజూ రేవులో చేసే పనే. కుళ్ళినవి ఎడం పక్కకి, మెత్తబడినవి కుడి పక్కకి. గరగమ్మ చేతికి ఒక అంకె తగులుతుంది. అది ఇంకా కొట్టుకుంటోంది.

"ఇదిగో బతికుంది! నీళ్ళు పట్టండే!"

బిందెలో నీళ్ళు తెచ్చి దాన్ని అందులో వేస్తారు. అంకె బిందెలో గుండ్రంగా తిరుగుతుంది.

"ఇలా తే," అంటారు తాతబ్బాయి గారు. "కార్యదర్శిని నేను. నేనే చెప్పాలి. అది రూలు."

"రూలేనండి," అంటుంది రత్నం. "దయచేసి ఇంకేం చెయ్యకండి. అంకె చెప్పి వచ్చేయండి. నేను దీపస్తంభానికెళ్ళి ఈ ముడి పెట్టొస్తాను."

"నామీద నమ్మకం లేదా అమ్మాయ్?"

రత్నం ఆయన్ని చూస్తుంది. కోపం కూడా చూస్తుంది.

"వెళ్ళొస్తానండి," అంటుంది.

*

ఆమె దీపస్తంభం కింది మెట్టు మీద ముడి పెడుతుంది. హామీదారు అప్పటికే అక్కడ నిలబడి ఉన్నాడు. ముడి వైపు చూసి, తల ఊపి, వెళ్ళిపోతాడు. ఆమె ఆఫీసుకి తిరిగొచ్చేసరికి తాతబ్బాయి గారు వెనక మెట్ల మీద నుంచి సర్టిఫికెట్ పట్టుకుని దిగుతున్నారు. ఆయన మొహం తేటగా ఉంది.

"అయిపోయిందమ్మా. ఊరికే కంగారు పడ్డావు."

రత్నం సర్టిఫికెట్ లాక్కుని పరిగెడుతుంది. దాన్ని చదవదు. సంతకం ఉందా, పెదరేవు అని ఉందా, అవి మాత్రం చూస్తుంది.

ఆకాశం దక్షిణం వైపు నల్లబడింది. రేవు ముఖం దగ్గర అలలు బోట్లని ఎత్తి దింపుతున్నాయి. రత్నం జెట్టీ చివర నిలబడి సర్టిఫికెట్‌ని ఒక చేత్తో పైకెత్తి పట్టుకుంటుంది. రెండో చేతిలో కోపం చెయ్యి ఉంది. పదకొండు పెట్టెలు దాన్ని చదువుతాయి.

ఎర్ర దీపాలు ఆరిపోతాయి. పచ్చ దీపాలు వెలగవు.

"రత్నం," అని పిలుస్తాడు మసేను. ఈసారి పేరు పెట్టి పిలిచాడు.

"చెప్పు మావా!"

"నువ్వు నువ్వే. ఒడ్డు మన ఒడ్డే. అంతా సరిగ్గానే ఉంది."

"మరి రా!"

"ఇంకా కాదు."

"ఏంటింకా కాదు?"

"దీనికి మొదలు మార్గశిర పంచమి అనుంది. ఇంకా తొమ్మిది రోజులుంది. అప్పటినుంచి నువ్వు నువ్వే. అప్పటిదాకా కాదు."

రత్నం సర్టిఫికెట్ దించి చదువుతుంది. మొదలు: మార్గశిర శుద్ధ పంచమి, పొద్దున్న తొమ్మిది దాటాక.

తాతబ్బాయి గారు ఆమె వెనక రొప్పుతూ వచ్చి నిలబడతారు. "హామీదారు ఎప్పటినుంచి రాయమంటారని అడిగేడమ్మా. అడిగేడు గనక చెప్పేను. పంతులుగారు పెట్టిన ముహూర్తం. ఇలాగైతే మూఢం దోషమూ ఉండదు, నీ పనీ అయినట్టుంటాది. ఇద్దరి మాటా నిలబడింది."

రత్నం చెయ్యి వదిలేస్తుంది. పొద్దున్నుంచీ పట్టుకున్న కోపం చెయ్యి అది.

కోపం జెట్టీ మీద నుంచి దిగి ఐసు ఫ్యాక్టరీ వైపు నడుస్తుంది. దాని అడుగులు ఇసకలో పడుతున్నాయి. పొద్దున్నుంచీ ఆ ఇసక ఒప్పుకున్నది ఆ అడుగుల్ని మాత్రమే. అది అలివి వల ఉన్న పాకలోకి వెళ్ళి, తాడు చుట్ట భుజాన వేసుకుని బయటికి వస్తుంది. అలివి వలని ఒడ్డున నిలబడి ఊరంతా కలిసి లాగుతారు. మరబోట్లు వచ్చాక దాన్ని ఎవరూ తీయలేదు.

రత్నం హామీదారు వైపు తిరుగుతుంది. ఆయన జెట్టీ పక్కన రాయి మీద కూర్చుని ఉన్నాడు. ఒక ఒడ్డుకి రెండు సంతకాలు పెట్టనని, అడక్కముందే తల అడ్డంగా ఊపుతున్నాడు.

"సముద్రానికి సర్టిఫికెట్టుందాండి?"

"లేదు. సముద్రాన్ని ఎవరూ అడగరు."

"సముద్రం ఊళ్ళోకొస్తే, దాని మీదున్న బోట్లు ఒడ్డుకొచ్చినట్టా, సముద్రంలో ఉన్నట్టా?"

ఆయన ఆలోచించడు. "సముద్రంలో ఉన్నట్టు."

"అయితే వాళ్ళు ఎవర్నీ ఏమీ అడగక్కర్లేదు."

"అక్కర్లేదు."

"అది చాలండి."

గరగమ్మ, రత్నం తెప్ప మీద వల వేసుకుని బయల్దేరతారు. తెప్పకి పెట్టె లేదు. అది ఎవరినీ ఏమీ అడగదు. బోట్లకి అవతల నుంచి, ఈ చివర నుంచి ఆ చివర దాకా వల జారవిడుస్తూ చుట్టి వస్తారు. గరగమ్మ కొడుకులు పక్క నుంచి చూస్తున్నారు. "ఎవరో గాని, వల బాగా వేస్తన్నారు," అని పెద్దవాడు అంటాడు. "మీయమ్మని రా సన్నాసీ!" అని గరగమ్మ తిడుతుంది. "ఎవరన్నారు?" అంటాడు చిన్నవాడు. ఆమె తెడ్డు నీళ్ళ మీద కొడుతుంది.

రెండు తాళ్ళూ ఒడ్డుకి చేరతాయి. ఆడవాళ్ళు రెండు వరసలుగా తాళ్ళు పట్టుకుంటారు. రత్నం ముందు కోపం నిలబడి తాడు పట్టుకుంటుంది. దాని అరచేతులు అందరి చేతుల కంటే ముందే ఒరుసుకుపోతాయి.

"లాగండే!" అంటుంది గరగమ్మ.

సముద్రం వస్తోంది. మొదట అంచు వస్తుంది, తర్వాత కుచ్చిళ్ళుగా మడతలు పడుతూ మిగతాది వస్తుంది. అది జెట్టీ ఎక్కుతుంది. వేలం పాక దాటుతుంది. పెదరేవు వీధిలోకి తిరుగుతుంది. దాని వెనక సముద్రం అడుగు బయటపడుతోంది. బోట్లు ఉన్నచోటనే, తమ నీళ్ళ మీద తాము నిలబడి, ఇళ్ళ మధ్య నుంచి వస్తున్నాయి. ఒక బోటు కరెంటు స్తంభం పక్కన ఆగుతుంది. ఇంకొకటి కిరాణా కొట్టు అరుగుకి ఒరుసుకుంటుంది. వాటి మీది మనుషులు కిందికి చూసి నీళ్ళే ఉన్నాయని నిర్ధారించుకుంటారు. ఎవరూ ఏమీ అడగరు.

తాడు వెనక్కి లాగుతోంది. సముద్రం తన చోటుకి పోవాలని చూస్తోంది.

"గుంజేదే?" అని అరుస్తుంది గరగమ్మ. "తాడు దేనికి కడదాం?"

గుంజ లేదు. అలివి వల మానేసినప్పుడు గుంజలు పీకి ఆఫీసు పైకప్పుకి వాడారు. అది తాతబ్బాయి గారి నిర్ణయం.

రత్నం ఆయన వైపు చూస్తుంది. కోపం అప్పటికే తాడు కొస ఆయన నడుముకి చుడుతోంది.

"ఏంటమ్మా ఇది!" అంటారు తాతబ్బాయి గారు. "మూఢంలో నాచేత కొత్తపని చేయిస్తున్నారా?"

"కొత్తది కాదండి," అంటుంది రత్నం, రెండో ముడి బిగిస్తూ. "బోట్లని ఒడ్డున కట్టి ఉంచడం సంఘం పాత పనేనండి. దానికోసమే సంఘం పెట్టేరండి."

"ఎన్నాళ్ళిలాగ?"

"ముహూర్తం మీరే పెట్టించేరు గదండీ."

ఆయన మోకాళ్ళ దాకా ఇసకలో దిగుతారు. ఆయన కదలరు. తాడు బిగుస్తుంది. సముద్రం వీధిలో ఆగుతుంది.

మసేను బోటు అతని ఇంటి గుమ్మం ముందు ఉంది. అతను అణియం మీద కూర్చుని కాళ్ళు వేలాడేశాడు. పాదాలు గుమ్మం మెట్టుకి జానెడు పైన ఉన్నాయి. రత్నం వీధి చివర తాడు పట్టుకుని అతన్ని చూస్తోంది. వదిలి వెళ్ళడానికి లేదు. జెట్టీ మీద నుంచి ఎవరో తెచ్చిన ఫ్లాస్కు చేతులు మారి అతని దగ్గరికి వెళుతుంది. అతను టీ తాగుతాడు.

"బాగుంది," అని కేకేస్తాడు. "ఎవరు పెట్టేరు?"

"తొమ్మిది రోజులాగు, చెబుతాను!" అని అరుస్తుంది రత్నం.

అప్పుడు వల కడుపు వస్తుంది. అలివి వలలో అన్నిటి కంటే చివర వచ్చేది అదే. సముద్రం అడుగున దొరికినవన్నీ అందులో ఉంటాయి. ఆడవాళ్ళు దాన్ని వీధి మలుపు దాకా లాగుతారు. అందులో ఒక బోటు ఉంది. దానికి పెట్టె లేదు. రంగు పోయింది. అణియం మీద ఒక మనిషి నిలబడి ఉన్నాడు. అతని ఒంటి నుంచి నీళ్ళు కారుతున్నాయి. అతని వెనక ఆరుగురు ఉన్నారు.

ఆ బోటు మసేను బోటు పక్కకి వచ్చి ఆగుతుంది. మసేను లేచి నిలబడతాడు.

అప్పయ్యమ్మ కిటికీ తెరుస్తుంది.

"ఇది పెదరేవేనా?" అని అడుగుతాడు ఆ మనిషి.

ఆమె అతన్ని ఎవరని అడగదు. కిటికీ ఊచలు రెండు చేతులతో పట్టుకుంటుంది.

"పెదరేవేరా గంగరాజూ. కాని దిగకు. ఇంకా కాదంటన్నారు. తొమ్మిది రోజులాగాలంట."

"ఆరేళ్ళాగేనమ్మా," అంటాడతను. అణియం మీద కూర్చుంటాడు.

సాయంత్రం ఆరున్నరకి తుఫాను గాలి రేవు చేరింది. రేవులో నీళ్ళు లేవు. వీధిలో బోట్లు పన్నెండు. తాడు ఎవరూ వదల్లేదు.